కిరాయి ఇంట్లో గిర్ని

2025 మార్చిలో, మా కింది పోర్షన్‌లో కిరాయికి ఉంటున్న ఆమెకు నేను రిజిస్టర్ పోస్టులో నోటీసు పంపాను. ఆమె ఉండేది కింద, నేను ఉండేది పైన. మధ్యలో పదహారు మెట్లు. ఆ పదహారు మెట్లు దిగి సరిగ్గా చెప్పలేకపోయిన మాట, పోస్టాఫీసు చుట్టూ తిరిగి మళ్లీ మా గేటులోనుంచే లోపలికి వచ్చింది.

ఊర్లో దీని గురించి నాలుగు తీర్ల చెప్పుకున్నారు. దుబాయి పైసలు తలకెక్కినయని ఒకరు, చదువుకున్నదన్న పొగరు అని ఇంకొకరు. ఏడాది దాకా నేనూ ఏం మాట్లాడలేదు. మొన్న మా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసి, "నీ లెక్కనే మా ఇంట్ల కూడ లొల్లి అయితుంది అక్కా, నోటీసు ఎట్ల ఇచ్చినవ్?" అని అడిగింది. ఫోన్లో చెప్తే సగమే చెప్పగలిగాను. అందుకే మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

మాది కోనరావుపేట. మా ఆయన దుబాయి పోయి పదకొండేండ్లు. ఆ పైసలతోనే ఈ ఇల్లు కట్టుకున్నాం, నా పేరు మీదే రాయించాడు. పైన నేను, అత్తమ్మ, పిల్లలిద్దరు. కింద రెండు అర్రలు, ఒక వంటిల్లు కిరాయికి ఇస్తాం.

2024 జూన్ 1న ఈ కుటుంబం దిగింది. భార్యాభర్తలు, ఏడేండ్ల పాప. అతను సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసేవాడు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చినన్ని రోజులు సాంచాల మీద బతికే ఇండ్లల్లో పనికి కొదవ లేదు. 2024 మొదట్లో ఆర్డర్లు లేక చాలా సాంచాలు ఆగిపోయాయి. సిరిసిల్లలో కిరాయి కట్టుకుంట కూర్చునే బదులు తన తల్లిగారి ఊరికి దగ్గర ఉంటే కొంచెం ఆసరా అని ఆమె భర్తను ఒప్పించి ఇక్కడికి తీసుకొచ్చింది. ఆమె బీడీలు చేసేది. చాట ఒడిలో పెట్టుకుని, కత్తెరతో ఆకు కోసుకుంట, పాపతో ఎక్కాలు చదివించేది. మొదటి నెలలోనే నన్ను అక్కా అన్నది. నేను చెల్లె అన్నాను. పాప నన్ను పెద్దమ్మా అని పిలిచేది.

కిరాయి మూడు వేలు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద 11 నెలలకు రాసుకున్నాం. ఏడాదికి మించిన లీజు అయితే రిజిస్ట్రేషన్ తప్పనిసరని 1908 నాటి చట్టం. అందుకే అందరూ 11 నెలలకే రాసుకుంటారు. కాగితం రాసినాయన అందరికీ రాసే షరతులే మాకూ రాశాడు. మూడో షరతు, ఇల్లు కుటుంబం నివాసం ఉండడానికి మాత్రమే వాడాలని. చివర్లో, షరతు తప్పితే ఇల్లుగలవాళ్లు ఇల్లు తిరిగి స్వాధీనం చేసుకోవచ్చని ఒక ముక్క. ఇద్దరం చదవకుండానే సంతకాలు పెట్టాం. తర్వాత ఆ కాగితాన్ని బీరువాలో చీరల కింద పెట్టాను.

దసరా పోయిన వారం కింద ఆటోలో నుంచి ఏదో బరువైంది దించుతున్న చప్పుడైంది. చూస్తే గిర్ని. మహిళా సంఘంలో లోను తీసుకుని కొన్నది. ముందరి అర్రలో బిగించారు. ఆ సాయంత్రమే ఆమె పైకి వచ్చింది, పళ్లెం నిండా జొన్నపిండి, మీద చిటికెడు పసుపు, కుంకుమ.

"మొదటి పిండి అక్కా. మీ ఇంట్లకే ఇయ్యాలె అనుకున్న."

నేను పళ్లెం తీసుకున్నాను. "మంచిగ నడవాలె చెల్లె" అన్నాను. ఖాళీ పళ్లెం ఇవ్వకూడదు కదా అని చక్కెర పోసి ఇచ్చాను. ఆ రాత్రి అందరం ఆ పిండితోనే రొట్టెలు తిన్నాం.

ఎక్కడ మొదలైందని ఎవరైనా అడిగితే, గిర్ని దించిన దగ్గర అనను. ఆ పళ్లెం నేను తీసుకున్న దగ్గర అంటాను.

సంక్రాంతి దాకా నాకేం ఇబ్బంది అనిపించలేదు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం ఒక గంట నడిచేది. వాడకట్టు ఆడవాళ్లు గిన్నెలు, సంచులు పట్టుకుని వాకిట్లో కూర్చుని ముచ్చట్లు పెట్టేవారు. నాకూ పొద్దుపోయేది. ఫిబ్రవరి చివర మిరపకాయలు మొదలైనయి. ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే కాలం. రోజుకు ఇంత అని లేదు, సంచులకు సంచులు. ఘాటు మెట్లెక్కి పైకి వచ్చేది. తలుపులు వేసినా ఆగేది కాదు. మా అత్తమ్మకు దమ్ము ఉంది. రాత్రుళ్లు మంచం మీద లేచి కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ఊపిరి కోసం కష్టపడేది. నేను వీపు రాసుకుంట పక్కన కూర్చునేదాన్ని.

అదే నెలలో ముందరి అర్ర ఉత్తరపు గోడకు పర్రె కనిపించింది. మొదట వెంట్రుకంత. తర్వాత కొత్తిమీర కాడంత.

మూడోది కరెంటు. మా సిరిసిల్ల దిక్కు కరెంటు ఇచ్చేది 1970లో మొదలైన సహకార సంఘం, అందరం సెస్ అంటాం. కింది పోర్షన్‌కు వేరే మీటరు ఉంది, అదీ నా పేరు మీదే. ఇంటి కనెక్షన్. మూడుసార్లు బిల్లు పెరిగినాక, రీడింగ్‌కు వచ్చినాయన గిర్ని దిక్కు చూసి, "అమ్మా, ఇది ఇంటి మీటరు. దీని మీద యాపారం నడిపిస్తే రేపు తనిఖీకి వచ్చినోళ్లు నీ పేరు మీదనే రాస్తరు" అని చెప్పిపోయాడు. తర్వాత తెలుసుకున్నాను. ఇంటికని తీసుకున్న కనెక్షన్‌ను వేరే పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126 సెక్షన్ ప్రకారం అనధికార వాడకం. దానికి రెట్టింపు రేటు కట్టిస్తారు. ఆయన మంచి మాటే చెప్పాడు.

ఇక చెప్పక తప్పదని కిందికి పోయాను. ఒకసారి కాదు, మూడుసార్లు.

మొదటిసారి, "మిరపకాయలు జర తక్కువ పట్టు చెల్లె, అత్తమ్మకు ఇబ్బంది అయితుంది" అన్నాను. "సరే అక్కా, ఈ వారమే" అన్నది. రెండోసారి గోడ చూపించాను. "ఆయనతోని సిమెంటు పెట్టిస్త" అన్నది. మూడోసారి, "గిర్ని వేరే తావుల పెట్టుకుంటే మంచిగుంటది గదనే" అన్నాను. "రెండు నెలలు ఆగుండ్రి అక్కా, కిస్తీలు కట్టుకోవాలె" అన్నది. మూడుసార్లూ చాయ్ తాగే పైకి వచ్చాను.

ఇంట్లో తలా ఒక సలహా. అత్తమ్మ, "మాటలెందుకు, కింద కరెంటు బందు వెట్టు. రెండు రోజులల్ల దారికొస్తది" అన్నది. మా మరిది, వాళ్లు ఊరికి పోయినప్పుడు తాళం మార్చమన్నాడు. మా ఆయన వాట్సాప్‌లో, "పెద్దమనుషులను పిలిచి పంచాయితీ పెట్టు, నేను ఫోన్ల మాట్లాడుత" అన్నాడు.

కరెంటు తీసే ఆలోచన నాకు రాలేదంటే అబద్ధం. ఒకరోజు మధ్యాహ్నం అత్తమ్మ దగ్గు విని, కోపంగా మెట్లు దిగి, మెయిన్ దగ్గర నిలబడ్డాను కూడా. లోపల పాప ఫ్యాన్ కింద పడుకుని ఉంది. చెయ్యి రాలేదు. పంచాయితీ అంటే ఇంకా భయం. పదిమంది మగవాళ్లు కుర్చీల్లో, ఆమె గోడకు ఆనుకుని నిలబడి, ఆమె లోను ఎంత, ఆమె మొగనికి పని ఎందుకు లేదు, అన్నీ బజార్లో పడుతాయి. గెలిచినా అది నా గెలుపు కాదు.

మండల సమాఖ్య మీటింగులో ఒకసారి చెప్పిన మాట గుర్తుకొచ్చింది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలు సాయం దొరుకుతుంది. 15100కు ఫోన్ చేసినా చెప్తారు. బీరువాలో నుంచి కిరాయి కాగితం తీసి, బస్సెక్కి సిరిసిల్ల కోర్టుకు పోయాను. అక్కడ ఒక వకీలమ్మ నా కాగితం మొత్తం చదివింది. ఆ కాగితాన్ని పూర్తిగా చదివిన మొదటి మనిషి ఆమే అనుకుంటా.

నేను అరగంట చెప్పాను, దమ్ము, గోడ, మీటరు అన్నీ. ఆమె విని ఒక్కటే అడిగింది.

"మీకు ఏం పోవాలె? ఆమె పోవాలెనా, గిర్ని పోవాలెనా?"

నాకు జవాబు వెంటనే రాలేదు. ఇన్ని రోజులు కోపంలో రెండూ ఒకటే అనుకున్నాను. ఆమె పోతే గిర్ని ఎట్లాగూ పోతుంది. కానీ ఆమె పోవడం నాకు కావాలా? నెల నెలా అయిదో తారీఖు లోపల కిరాయి ఇచ్చే మనిషి. నాకు జ్వరం వచ్చినప్పుడు పిల్లలకు అన్నం పెట్టిన మనిషి.

"గిర్ని" అన్నాను.

"అయితే ఖాళీ నోటీసు కాదు, సరిచేసుకోమనే నోటీసు ఇయ్యాలె" అని ఆమె విడమరిచి చెప్పింది. నాకు అర్థమైనంత వరకు రాస్తాను.

సిరిసిల్ల, వేములవాడ లాంటి మున్సిపాలిటీల కోసం 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం ఉంది. మాది గ్రామ పంచాయతీ. ఇక్కడ నడిచేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. కిరాయిదారు ఇంటిని ఏ పనికి తీసుకున్నారో దానికే వాడాలని అందులో 108 సెక్షన్ చెప్తుంది. నెల నెలా కిరాయికి ఉన్నవాళ్లను ఖాళీ చేయమనాలంటే 106 సెక్షన్ కింద 15 రోజుల నోటీసు. షరతు తప్పారని ఇల్లు తిరిగి తీసుకోవాలంటే దారి వేరు. 1929లో ఆ చట్టంలో 114ఏ అని ఒక సెక్షన్ చేర్చారు. దాని ప్రకారం ఇల్లుగలవాళ్లు కోర్టుకు పోయే ముందు రాతలో నోటీసు ఇవ్వాలి. ఏ షరతు తప్పారో అందులో స్పష్టంగా చెప్పాలి. సరిచేయగలిగిన తప్పు అయితే సరిచేయమని అడగాలి. దానికి సబబైన గడువు ఇవ్వాలి. ఆ గడువులో సరిచేసుకుంటే ఆ తప్పు మీద కోర్టుకు పోయే పనే లేదు. కిరాయి కట్టకపోవడానికి, ఇంకొకరికి కిరాయికి ఇచ్చేయడానికి ఈ సెక్షన్ వర్తించదు. మా గిర్నికి వర్తిస్తుంది.

నూరేండ్ల కిందటి రాతలో ఇంత ఓపిక ఉంటుందని నేను అనుకోలేదు. తప్పు ఏందో చెప్పు, దిద్దుకోమని అడుగు, టైం ఇయ్యి. పిల్లల విషయంలో మనం చేయవలసింది కూడా ఇదే కదా, చేసేది తక్కువ గానీ.

తర్వాత ఆమె, "గిర్ని వచ్చినాక కూడ కిరాయి తీసుకుంటున్నరా?" అని అడిగింది. తీసుకుంటున్నానన్నాను. తప్పు తెలిసి కూడా కిరాయి తీసుకుంటూ పోతే ఆ తప్పును వదిలేసినట్టు లెక్కకట్టవచ్చని 112 సెక్షన్ అంటుందట. పైగా సుప్రీంకోర్టు 1980ల మొదట్లోనే ఒక కేసులో పిండి గిర్ని నడపడాన్ని తయారీ పని కిందే లెక్కకట్టింది. తయారీ పనికి ఇచ్చిన లీజు అయితే ఖాళీ చేయించడానికి 15 రోజులు కాదు, ఆరు నెలల నోటీసు కావాలి. "మీరు ఊకున్నకొద్దీ, గిర్నికి మీరే ఒప్పుకున్నరని అనుడు సులువైతది" అన్నది. నాకు పళ్లెం గుర్తుకొచ్చింది. పసుపు, కుంకుమ, నేను పోసిన చక్కెర.

కరెంటు, తాళం మాట కూడా అడిగాను. ఆమె గట్టిగానే చెప్పింది. కోర్టు దారి కాకుండా బలవంతంగా బయటపెడితే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6 సెక్షన్ కింద వాళ్లు ఆరు నెలల లోపల దావా వేసి మళ్లీ లోపలికి రావచ్చు. ఇల్లు ఎవరిదన్నది అప్పుడు కోర్టు అడగదు.

నోటీసు తెలుగులోనే రాయాలన్నాను. ఆమె చెప్తుంటే నేనే రాశాను, పేర్లు తీసేసి ఇక్కడ పెడుతున్నాను.

"2024 జూన్ 1 నాడు రాసుకున్న కిరాయి కాగితం ప్రకారం మీరు మా ఇంటి కింది భాగంలో ఉంటున్నారు. అందులో మూడో షరతు ప్రకారం ఇంటిని కుటుంబం నివాసం ఉండడానికి మాత్రమే వాడాలి. 2024 అక్టోబరు నుంచి ముందరి అర్రలో పిండి, కారం పట్టే గిర్ని నడుపుతున్నారు. ఇది ఆ షరతుకు విరుద్ధం. దీనివల్ల ఉత్తరపు గోడకు పర్రె వచ్చింది. కారం ఘాటుకు ఇంట్లో పెద్దమనిషికి ఊపిరి ఇబ్బంది అవుతున్నది. ఇంటి కరెంటు కనెక్షన్ మీద వ్యాపారం నడుస్తున్నది. కాబట్టి ఈ నోటీసు అందిన రోజు నుంచి మిరపకాయలు పట్టడం ఆపాలి. అందిన 30 రోజుల లోపల గిర్నిని ఇంట్లో నుంచి తీసి, గోడ బాగుచేయించాలి. ఆ విధంగా చేస్తే కిరాయి కాగితం ఇప్పటి షరతులతోనే నడుస్తుంది. చేయకపోతే చట్టప్రకారం ఇంటి స్వాధీనం కోరే హక్కు మాకు ఉంటుంది. ఈలోగా కిరాయి తీసుకున్నంత మాత్రాన ఆ హక్కును వదులుకున్నట్టు కాదు."

గడువు ఎన్ని రోజులన్నది చట్టంలో లేదు. గిర్ని మార్చాలంటే తావు చూసుకోవాలి, కొత్త కనెక్షన్ తీసుకోవాలి. అందుకే 30 రోజులు. చివర్లో నా సొంతంగా ఒక మాట కలుపుతానన్నాను. వకీలమ్మ చదివి, తలూపి, ఉండనిమ్మన్నది. "ఇది ఇల్లు ఖాళీ చేయమని ఇస్తున్న నోటీసు కాదు."

చేతికి ఇచ్చినా చెల్లుతుంది, ఇంట్లోవాళ్లకు ఇచ్చినా చెల్లుతుంది. కానీ నా చేత్తో ఇస్తే మళ్లీ చాయ్ తాగి వస్తానని నాకు తెలుసు. రిజిస్టర్ పోస్టులో, అందినట్టు సంతకం తిరిగి వచ్చే కార్డు పెట్టి పంపాను. (2025 సెప్టెంబరు నుంచి రిజిస్టర్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. ఇప్పుడు పంపేవాళ్లు అందులో పంపుకోవాలి.)

మూడో రోజు పోస్టాయన వచ్చాడు. పంపినవాళ్ల అడ్రసు, అందుకునేవాళ్ల అడ్రసు చూసి నవ్వాడు. "పైనోళ్లు కిందోళ్లకు రిజిస్టర్ పంపుడు నా సర్వీసుల ఇదే మొదలు." నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తూ విన్నాను. ఆమె సంతకం పెట్టడం చూశాను. బట్టలన్నీ ఆరేసినాక కూడా అక్కడే నిలబడ్డాను.

ఆ రోజు గిర్ని నడవలేదు. తర్వాతి రోజూ నడవలేదు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది, అత్తమ్మ హాయిగా పడుకుంది, నాకు మాత్రం నిద్ర పట్టలేదు. నీళ్ల మోటరు వేయడానికి ఇద్దరం ఒకేసారి బయటికి వస్తే ఆమె లోపలికి పోయింది. మూడో రోజు సాయంత్రం పాప మెట్ల మీద కూర్చుని ఉంది. రోజూ టీవీ చూడడానికి పరుగెత్తుకుంటూ వచ్చేది, ఆ రోజు ఏడో మెట్టు దగ్గరే ఆగింది.

"పెద్దమ్మా, మమ్మల్ని ఎల్లగొడుతున్నవా?"

చెప్పుల్లేకుండానే దిగి కిందికి పోయాను. ఆమె వంటింట్లో ఉంది. కళ్లు వాచి ఉన్నాయి. నోటీసు దేవుని పటం వెనక మడిచి పెట్టింది. చదివావా అంటే, మొదటి రెండు లైన్లు చదివి ఆపేసిందట. నోటీసు అని రాసి ఉంటే ఇంక చదివేది ఏముంది, వెళ్లిపొమ్మనే కదా అన్నది. అప్పటికే భర్తతో సిరిసిల్లలో అర్ర చూడమని చెప్పింది.

నేను కాగితం తీసి కింద కూర్చున్నాను. మొదటి మాట నుంచి చివరి మాట వరకు చదివాను. చివరి లైను రెండుసార్లు చదివాను.

ఆమె చాలాసేపు ఏం అనలేదు. తర్వాత, "ఇది నోటితోని చెప్తే సరిపోవు గదా అక్కా" అన్నది.

"మూడుసార్లు చెప్పిన చెల్లె."

"చెప్పినవు. గని నవ్వుకుంట చెప్పినవు."

ఆ మాట ఇప్పటికీ నాతోనే ఉంది. నేను మంచితనం అనుకున్నది ఆమెకు ఒప్పుకోలులాగా వినిపించింది. పైకి నవ్వుతూ, వెనక అత్తమ్మతో, మా ఆయనతో, వాడకట్టు వాళ్లతో ఆమె గురించి చెప్పుకుంటూ తిరిగాను. ఆమెకు తప్ప అందరికీ స్పష్టంగా చెప్పాను. ఆమెకు నేను దాచకుండా చెప్పిన మొదటి మాట ఆ కాగితమే.

అత్తమ్మ దమ్ము సంగతి ఆమెకు నిజంగా తెలియదు. రాత్రుళ్లు లేచి కూర్చుంటుందని నేను ఎప్పుడూ చెప్పలేదు, ఇబ్బంది అన్నానంతే. ఆమె కూడా నాకు చెప్పని సంగతి ఒకటి చెప్పింది. మిరపకాయల రెండు నెలల్లో వచ్చే పైసలతోనే ఏడాది కిస్తీలు సగం వెళ్తాయి. అందుకే రెండు నెలలు ఆగమన్నది. నేను దాన్ని సాకు అనుకున్నాను.

ఇదంతా మాట్లాడుకున్నాక గడువు తీసేశానని అనుకోకండి. తీసేయలేదు. మిరపకాయలు ఆగాలి, గిర్ని పోవాలి. అదే చెప్పాను, ఈసారి నవ్వకుండా. 15100 నంబరు ఆమెకు కూడా ఇచ్చాను. "నా కాగితం సరిగ్గ ఉన్నదో లేదో నువ్వు కూడ అడుగు, నీకు కూడ ఫీజు ఉండదు" అన్నాను. ఆమె వింతగా చూసింది. నిజంగానే ఫోన్ చేసిందని తర్వాత తెలిసింది.

బస్టాండు దిక్కు ఒక షటర్ దొరికింది. కరెంటు కనెక్షన్ వ్యాపారం కేటగిరీలో పెట్టుకోవాలి, అది రావడానికి ఆలస్యమైంది. ముప్పయ్యో రోజు దగ్గర పడుతుంటే ఆమే పైకి వచ్చి, ఇంకో పది రోజులు కావాలన్నది. "రాసియ్యి" అన్నాను. పాప నోట్‌బుక్కులో నుంచి చింపిన కాగితం మీద రాసి ఇచ్చింది. నేను కింద "పది రోజులు ఒప్పుకుంటున్నాను" అని రాసి, తారీఖు వేసి, సంతకం చేసి, ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను. ఎనిమిదో రోజు గిర్ని ఆటో ఎక్కింది. ఆమె భర్త గోడకు సిమెంటు పెట్టాడు. అక్కడ రంగు కలవలేదు, ఆ మరక ఇప్పటికీ కనిపిస్తుంది.

ఆ కారం కాలం ఆమెకు సగానికి సగం పోయింది. రెండు నెలల కిస్తీలకు ఇబ్బంది పడ్డది, సంఘంలో నలుగురిలో మాట పడ్డది. ఈ సంగతి రాయకపోతే నేను రాసింది పూర్తి కాదు. నా హక్కు నాకు దక్కింది, దాని ఖర్చు కొంత ఆమె మీద పడ్డది. దసరా పోయిన వారమే, పళ్లెం చేతిలోకి తీసుకునే ముందు ఆ ఒక్క మాట చెప్పి ఉంటే, షటర్ ఖర్చు లెక్కవేసుకునే లోను తీసుకునేది కావచ్చు.

మేలో మళ్లీ 11 నెలలకు కాగితం రాసుకున్నాం. ఈసారి ఇద్దరం కూర్చుని అన్ని షరతులూ బయటికి చదువుకున్నాం. ఎనిమిది నిమిషాలు పట్టింది.

అంతా మునుపటిలాగా లేదు. పాప వస్తుంది, టీవీ చూస్తుంది. ఆమె అక్కా అనే పిలుస్తుంది. కానీ కిరాయి ఇచ్చినప్పుడు రసీదు అడుగుతుంది, నేను రాసిస్తాను. పిండి పళ్లెం మళ్లీ రాలేదు. నేనే జొన్నలు సంచిలో పోసుకుని బస్టాండు దాకా పోతాను. అందరితో పాటు వరుసలో నిలబడతాను. ఆమె కాంటా పెట్టి, పట్టి, పైసలు చెప్తుంది. నేను ఇస్తాను. ఒకసారి "మీ దగ్గర ఎందుకు అక్కా" అన్నది. "తీస్కో" అన్నాను. తీసుకుంది.

పోయిన నెల పిండికి పోతే గిర్ని ఆపి బయటికి వచ్చింది. చేతులకు, కనుబొమలకు పిండి. షటర్ యజమాని మంచోడేనట, కాగితం గీగితం ఎందుకమ్మా, మాట మీద నడుపుకుందాం అంటున్నాడట.

"ఏం చేయమంటవ్ అక్కా?"

"నువ్వేం అనుకుంటున్నవ్?"

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. "రాస్కోవాలె అనుకుంటున్న. గిర్ని కోసమే కిరాయికి ఇచ్చిన అని అండ్ల ఉండాలె. నువ్వు ఒకసారి చదివి చెప్తవా?"

చదువుతానన్నాను. రేపు సాయంత్రం కాగితం తీసుకుని పైకి వస్తానన్నది.